బండి వెనక మైనస్ 196

మే నెల మధ్యాహ్నం కందుకూరు నుంచి కనిగిరి వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక్కసారి నిలబడి చూడండి. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటుంది. తుమ్మచెట్టు కింది కుక్క మీరు రాయి విసిరినా లేవదు. ఆ వేళలో ఒక మనిషి తలకి తువ్వాలు చుట్టుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద పోతుంటాడు. బండి వెనక తాడేసి కట్టిన అల్యూమినియం డబ్బా ఉంటుంది, సన్నటి మెడతో. తెలియనివాళ్ళు పాలడబ్బా అనుకుంటారు. అతను గోపాలమిత్ర, ఊరూరా తిరిగి పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే మనిషి. ఎక్కడో గేదె ఎదకొచ్చిందని ఫోనొస్తే బయల్దేరాడు. డబ్బాలో ఉన్నది ద్రవ నైట్రోజన్, అందులో మునిగి దున్నపోతుల, ఆబోతుల వీర్యం నింపిన స్ట్రాలు. బయట 43 డిగ్రీలు, లోపల మైనస్ 196. మధ్యలో అరచేయి మందం కూడా లేని గోడ.

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఉష్ణోగ్రతల పాఠం వచ్చినప్పుడల్లా అంటార్కిటికా గురించీ, సూర్యుడి గురించీ చెప్పానే గానీ, మా వీధిలోంచి రోజూ పోయే ఆ డబ్బా గురించి ఒక్కసారీ చెప్పలేదు. తప్పు నాదే. అది నాకు తట్టింది రిటైరయ్యాక, మా మేనల్లుడితో పడ్డ గొడవలో.

2023 జులై ఆఖరివారం. బెంగళూరు నుంచి వాడి ఫోను.

"మామా, చూశావా? కొరియావాళ్ళు గది ఉష్ణోగ్రతలో పనిచేసే సూపర్ కండక్టర్ చేశారంట. ఇంక కరెంటు బిల్లులు ఉండవు."

గోడ మీద థర్మామీటరు వైపు చూశాను. 36. పైన ఫ్యాను తిరుగుతోంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు.

"ఏ గదిరా?" అన్నాను.

"ఏంది?"

"గది ఉష్ణోగ్రత అంటున్నావే, ఏ గది? నీ ఆఫీసు గదా, మన ఇంట్లో వసారా గదా?"

వాడు నవ్వేశాడు. నేను మాత్రం నవ్వులాటకి అడగలేదు. సూపర్ కండక్టర్ అంటే కరెంటుని ఏ నిరోధమూ లేకుండా పోనిచ్చే పదార్థం, మామూలుగా బాగా చల్లబరిస్తే తప్ప ఆ గుణం రాదు. పాఠ్యపుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు. ఆ గది మా జిల్లాలో జనవరి రాత్రుళ్ళు తప్ప ఎక్కడుంది? అంతకు మూడేళ్ళ ముందు, 2020లో, అమెరికాలో ఒక బృందం 15 డిగ్రీల దగ్గర సూపర్ కండక్టర్ దొరికిందని పెద్ద పత్రికలో అచ్చు వేయించుకుంది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 15 డిగ్రీల గది! కందుకూరులో అది ఫ్రిజ్జుకి దగ్గరి వరస. పైగా ఆ పదార్థాన్ని వాతావరణ పీడనానికి పాతిక లక్షల రెట్లకు పైగా వజ్రాల మధ్య పెట్టి నొక్కితే తప్ప ఆ గుణం రాదట. 2022లో ఆ పేపరుని పత్రికే వెనక్కి తీసుకుంది. 2023లో అదే బృందం ఇంకో పదార్థం, 21 డిగ్రీలు అంది. ఏడాది తిరక్కుండానే అదీ వెనక్కి పోయింది.

కొరియా పదార్థం పేరు ఎల్‌కే-99. దాని విషయంలో నా వెటకారం చెల్లలేదని ఒప్పుకోవాలి. వాళ్ళు చెప్పింది 127 డిగ్రీల దాకా పనిచేస్తుందని. అంటే రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలోనూ పనిచెయ్యాలి. మేనల్లుడు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి ఆ అంకె చెప్పి నా నోరు మూయించాడు. రెండు మూడు వారాలే ఆ ముచ్చట. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ళు తయారుచేసి చూసి లేదన్నారు, చైనాలో చూసి లేదన్నారు, జర్మనీలో దాని స్వచ్ఛమైన స్ఫటికాన్ని పెంచి చూస్తే కరెంటుని రానివ్వని బండలా ఉంది. అసలు సంగతి దాంట్లో కల్తీగా మిగిలిపోయిన రాగి సల్ఫైడు. 104 డిగ్రీల దగ్గర దాని లోపలి అమరిక మారుతుంది, నిరోధం దబ్బున పడుతుంది. చూసినవాళ్ళకి అదే సున్నాలా కనిపించింది.

నా గొడవ వాళ్ళ పొరపాటుతో కాదు. పొరపాట్లు ఎవరైనా చేస్తారు. మనం ఉష్ణోగ్రత అనగానే అంకె చూసి నోరెళ్ళబెట్టే అలవాటుతో నా గొడవ. ఎన్ని డిగ్రీలు అని అడుగుతాం. ఆ వేడి ఎటు పోతోంది, ఎవరు తోడి పోస్తున్నారు, ఎంత ఖర్చుతో అని అడగం. ఆ రెండో ప్రశ్న వేస్తే, గది ఉష్ణోగ్రత కోసం ఇంత ఎదురుచూపు అక్కర్లేదని తేలుతుంది. మైనస్ 196 ఎప్పుడో మా ఊరికి, ఎక్సెల్ బండెక్కి వచ్చేసింది.

మా నాన్నకి పొగాకు బ్యారన్ ఉండేది. పచ్చాకు కర్రలకి కట్టి లోపల వరసలుగా వేలాడదీసి, కింద ఇనుప గొట్టాల్లోకి పొయ్యి ఎగదోస్తే ఐదారు రోజులు పట్టేది ఆకు మాగి ఆరడానికి. మొదట ఆకు పసుపు తిరగడానికి వంద ఫారన్‌హీట్ లోపు, ఆఖర్న ఈనె ఆరడానికి 160. రాత్రి రెండింటికి లేచి అద్దం కిటికీలోంచి టార్చిలైటు వేసి థర్మామీటరు చూసేవాడు. వేడి చాలకపోతే ఇంకో సరుగుడు మొద్దు. పది నిమిషాల్లో పాదరసం కదిలేది. వేడి ఎక్కువైందనుకోండి, గవాక్షాలు తెరిచి కూర్చోవడమే, ఇంకేం చేసేది లేదు. తెరిచి ఎంతసేపు కూర్చున్నా బయటి గాలి ఎంత ఉందో అంతకంటే కిందకి దిగదు. వేడి పెంచడానికి మొద్దు చాలు, వేడి తగ్గించడానికి మాత్రం వేడి పోయే చోటు ఒకటి కావాలి. థర్మోడైనమిక్స్ మొత్తం ఆ బ్యారన్ గోడ దగ్గరే ఉంది. నేను దాన్ని యూనివర్సిటీలో చదువుకుని వచ్చి నాన్నకి చెప్పబోతే, "ఇది చదవడానికి ఐదేళ్ళా" అన్నాడు.

బయటి గాలి కంటే కిందకి దిగే ఉపాయం ఇంట్లో ఒక్కటే ఉండేది, కుండ. నీరు కుండ ఒంట్లోంచి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యేవి అన్నిటికంటే జోరుగా కదిలే అణువులు. అవి పోతే మిగిలినవాటి సగటు జోరు తగ్గుతుంది. అదే చల్లదనం. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే సుమారు 58 గ్రాముల నీళ్ళని పది డిగ్రీలు చల్లబరిచేంత వేడి పట్టుకుపోతుంది. మా అక్కవాళ్ళది కనిగిరి వైపు, గాలి ఎండుగా కొడుతుంది. అక్కడ కుండనీళ్ళకి పళ్ళు జివ్వుమంటాయి. సముద్రానికి దగ్గరగా ఉండే మా ఊళ్ళో, తూర్పుగాలి తిరిగిన సాయంత్రం అదే మట్టికుండలో నీళ్ళు పేరుకి చల్లన. గాలిలో అప్పటికే నిండా తేమ ఉంది, ఆవిరికి పోయే చోటు లేదు. కావలిలో 38 డిగ్రీల రోజు కనిగిరిలో 43 కంటే ఎందుకు ఉసూరుమనిపిస్తుందో దీన్నిబట్టే చెప్పొచ్చు. మన ఒళ్ళూ కుండే, చెమటే దాని ఊట. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 చూపిస్తే, నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా గంటల్లో ప్రాణం మీదకి తెచ్చుకుంటాడని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. 2015 మే ఎండల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా పోయారు. పేపర్లో ఏ ఊరు ఎన్ని డిగ్రీలు అని పట్టీ వేశారు. తేమ పట్టీ నేను చూసిన పేపర్లో లేదు.

కుండని ఇక్కడే వదిలేసి లేబొరేటరీకి వెళ్దామంటే కుదరదు. లేబొరేటరీలోనూ కుండే ఉంది. ఆ కథ ఒక గ్రహణంతో మొదలవుతుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా పోయింది. ఒంగోలుకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వచ్చి గుంటూరులో పరికరాలు పెట్టుకున్నాడు, మద్రాసు నుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని విడగొట్టి చూశారు. అదే ఏడాది ఇంగ్లండులో లాకయర్ ఆ వెలుగులోని ఒక పసుపుగీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోవడం లేదని పట్టుకున్నాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది చేతికి చిక్కడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. 1908 జులై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్‌లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చాడు. 60 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీగ్లాసుడు. మైనస్ 269 డిగ్రీలు. సూర్యుడిలో కనపడ్డ పదార్థమే భూమ్మీద అన్నిటికంటే చల్లటి ద్రవమైంది. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే, దీనికి మొదలు మా దగ్గరి గుంటూరు ఆకాశం కావడం ఇంకాస్త ఎక్కువ ఆశ్చర్యం.

ఆ టీగ్లాసుడు ద్రవాన్ని ఓనెస్ ఇంకా చల్లబరచడానికి ఏం చేశాడు? పంపు పెట్టి పైనున్న ఆవిరిని లాగేశాడు. ఆవిరి పోతే ఇంకొంత ద్రవం ఆవిరవుతుంది, మిగిలింది చల్లబడుతుంది. కుండ చేసే పనే, గాలి బదులు పంపు.

1911 ఏప్రిల్‌లో సన్నటి గాజుగొట్టంలో పాదరసం పోసి అందులో ముంచారు. పాదరసమే ఎందుకంటే, కాచి ఆవిరిపట్టి శుద్ధి చేయడం సులువు. అప్పటికి అంతటి కెల్విన్ ప్రభువే, చలికి ఎలక్ట్రాన్లు గడ్డకట్టి నిరోధం విపరీతంగా పెరగొచ్చని అనుకున్నాడు. ఇంకొందరు మెల్లగా తగ్గుతూ పోతుందన్నారు. రెండూ జరగలేదు. 4.2 కెల్విన్ల దగ్గర (కెల్విన్ లెక్క మైనస్ 273.15 డిగ్రీల నుంచి మొదలవుతుంది), అంటే మైనస్ 269 దగ్గర, నిరోధం మెట్టు దిగినట్టు దిగి మాయమైంది. మొదట ఎక్కడో షార్ట్ సర్క్యూట్ అనుకున్నారు. ఓనెస్ నోట్‌బుక్కులో పాదరసం దాదాపు సున్నా అని రాసుకున్నాడు. ఎందుకలా అవుతుందో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పడానికి 1957 రావాల్సి వచ్చింది. ఎలక్ట్రాన్లు స్ఫటికం కంపనాల సాయంతో జతకట్టి, అందరూ ఒకే అడుగు వేస్తూ నడుస్తాయి, విడిగా ఎవరూ తట్టుకుని పడరు. క్లాసులో నేను పండరిభజన చెప్పేవాణ్ణి. అది పూర్తిగా సరైన పోలిక కాదు, కానీ పిల్లలు మర్చిపోరు.

సూపర్ కండక్టర్ అంటే కరెంటు ఖర్చు లేదనుకుంటారు. రెండేళ్ళ కిందట అమ్మకి నడుము ఎమ్మారై తీయించడానికి నెల్లూరు తీసుకెళ్ళాను. స్కానింగ్ సెంటర్ వాళ్ళు గొలుసూ గాజులూ తీయించి లోపలికి పంపారు. బయట కూర్చుంటే గోడ అవతలి నుంచి ఆగకుండా చిక్కు, చిక్కు, చిక్కు అని ఓ చప్పుడు. పేషెంటు లేనప్పుడు కూడా అదే చప్పుడు. అమ్మ బయటికొచ్చి, "లోపల కోడిపిల్ల ఉందిరా" అంది. ఆ కోడిపిల్ల హీలియంని చల్లబరిచే యంత్రం. ఎమ్మారైలోని నియోబియం టైటానియం తీగచుట్టలో కరెంటు ఒకసారి ఎక్కించి రెండు కొసలూ కలిపేస్తే అది ఏళ్ళ తరబడి తనంతట తానే తిరుగుతూ ఉంటుంది. అయస్కాంతానికి కరెంటు అక్కర్లేదు. దాన్ని మైనస్ 269 దగ్గర ఉంచడానికే కావాలి, రాత్రీ పగలూ. కోడిపిల్ల కూత ఆగిపోయి హీలియం మరిగిపోతే, అయస్కాంతమే అయస్కాంతంగా ఉండదు. మన దేశం హీలియంని దాదాపు అంతా బయటినుంచి కొనుక్కుంటుంది. గాల్లోకి వదిలేస్తే అది భూమి పట్టుకి కూడా ఆగదు, అంతరిక్షంలోకి పోతుంది.

దీని ఖర్చు లెక్క చెప్పాలంటే మా పడమటి మండలాల బోర్లు చాలు. నీళ్ళు కావలసింది బిందెడే. ఇరవై అడుగుల లోతులో ఉంటే చేంతాడు చాలు, వందల అడుగుల లోతులో ఉంటే మోటారు, కేసింగు, కరెంటు, అప్పు. వేడిని తోడటమూ అంతే. 77 కెల్విన్ల దగ్గర, అంటే మన మైనస్ 196 దగ్గర, ఒక వాటు వేడిని బయటికి తోడడానికి సిద్ధాంతం ప్రకారం 3 వాట్లు చాలు. 4.2 కెల్విన్ల దగ్గర అదే ఒక్క వాటుకి 70 వాట్లు. ఇవి లోపమే లేని యంత్రానికి. నిజం యంత్రాల్లో ఆ రెండోది పెద్ద ప్లాంట్లలోనే రెండువందల పైన, చిన్నవాటిలో వేలల్లో. పైగా ఈ 70 చల్లటి దేశాల గదికి లెక్క. 40 డిగ్రీల మా వసారాకి 73 దాటుతుంది. మళ్ళీ అదే ప్రశ్న, ఏ గది? లోతుకి పోయేకొద్దీ ఈ బోరు ఖర్చు అంతుదరీ లేకుండా పెరుగుతుంది, మైనస్ 273.15 అనే అడుగు మాత్రం ఎన్నటికీ తగలదు.

కానీ మనిషి ఎంత లోతు తవ్వాడో చూస్తే నాకు మతిపోతుంది. జెనీవా దగ్గరి పెద్ద కొలైడర్‌లో సీసం కేంద్రకాలని గుద్ది సుమారు 5.5 లక్షల కోట్ల డిగ్రీలు పుట్టించారు. పత్రికలన్నీ దాన్నే రాశాయి. అది అణువు కంటే ఎంతో చిన్న చోట, కన్నార్పేలోపు అనడానికి కూడా వీల్లేనంత తక్కువ సేపు. ఆ వేడితో ఒక గ్లాసు టీ కూడా కాగదు. మన 300 కెల్విన్లకి అది సుమారు 1,800 కోట్ల రెట్లు. ఇటు కిందికి చూడండి. 2021లో జర్మనీలోని బ్రెమెన్‌లో పరమాణువుల మబ్బుని ఎత్తైన గోపురంలోంచి జారవిడిచి కెల్విన్‌లో లక్ష కోట్లవంతు లెక్కన 38 వంతులకి చల్లబరిచారు. మన గదికి అది సుమారు 8 లక్షల కోట్ల రెట్లు కింద. రెట్లలో కొలిస్తే మనం పైకి వెళ్ళిన దానికంటే కిందకి నాలుగువందల రెట్లు ఎక్కువ దూరం వెళ్ళాం. ఇంకో సంగతి. ఆ వేడి సృష్టి మొదటి క్షణాల్లో ఉండేదే, మనం చేసింది నకలు. చలిలో అలా కాదు. విశ్వమంతా పరుచుకున్న నేపథ్యం 2.7 కెల్విన్లు, ప్రకృతిలో తెలిసిన అతి చల్లటి చోటు బూమరాంగ్ నెబ్యులా 1 కెల్విన్. అంతకు కింద ఉన్నదంతా, మనకి తెలిసినంతలో, మనిషి చేతిపనే. అక్కడి దాకా వెళ్ళడానికి దారి చూపించింది ఏంటి? సత్యేంద్రనాథ్ బోస్ 1924లో వేసిన లెక్కని పట్టుకుని ఐన్‌స్టీన్ చెప్పిన మాటని నిజం చేస్తూ 1995లో కొలరాడోలో రుబీడియం పరమాణువులని చల్లబరిచినప్పుడు ఆఖరి మెట్టు, జోరుగా ఉన్న పరమాణువులని అంచుమీంచి పోనిచ్చి మిగిలినవాటిని చల్లబడనివ్వడం. ఇంకెవరు, కుండే!

వేడి సులువు, చలి కష్టం అనడానికి మనవాళ్ళ రాకెట్లే సాక్ష్యం.  పీఎస్ఎల్‌వీ 1994కే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అందులో ఉన్నదంతా మంట. మైనస్ 253 దగ్గర హైడ్రోజన్‌నీ, మైనస్ 183 దగ్గర ఆక్సిజన్‌నీ ద్రవంగా పట్టుకుని, గజం దూరంలో మూడువేల డిగ్రీల మంట చేయాల్సిన క్రయోజెనిక్ ఇంజన్ మాత్రం లొంగలేదు. రష్యా ఇస్తానన్న పరిజ్ఞానం అమెరికా ఒత్తిడితో 1993లో ఆగిపోయింది. సొంతంగా చేసుకున్నది 2010 ఏప్రిల్ 15న ఎగిరి, క్రయో దశ ఆగిపోయి సముద్రంలో పడింది. 2014 జనవరి 5న గెలిచింది. మంటకీ చలికీ మధ్య ఇరవై ఏళ్ళు. 2023 ఆగస్టులో, ఎల్‌కే-99 ముచ్చట చల్లారుతున్న రోజుల్లోనే, అలాంటి ఇంజన్ మోసిన చంద్రయాన్-3 చంద్రుడి మట్టిలో థర్మామీటరు గుచ్చింది. పైన 50 డిగ్రీలు దాటి, 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10. జానెడు కూడా లేని మట్టిలో అరవై డిగ్రీల తేడా. నాకు ఆ గ్రాఫు చూసి డబ్బా గోడే గుర్తొచ్చింది. వేడికి దారి లేకుండా చేయడమే చలిని కాపాడటం.

ఆ డబ్బాని 1892లో డివార్ కనిపెట్టాడు. రెండు గోడలు, మధ్యలో శూన్యం. మన ఇళ్ళల్లో కాఫీ ఫ్లాస్కు దాని తమ్ముడే. ప్లగ్గు లేదు, మోటారు లేదు. నైట్రోజన్ మెల్లగా ఆవిరవుతూ తన చల్లదనాన్ని తానే కాపాడుకుంటుంది, తగ్గినప్పుడు నింపుకోవాలి, అంతే. పనిలోపనిగా, ఎండకి ఓర్చుకోవడంలో పేరుపొందిన మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అనే పేరుతో అక్కడి పశుసంపదకి వెన్నెముకైంది. అంత ఎండ తట్టుకునే జాతి విత్తనం కూడా దాచేది మైనస్ 196లోనే.

అందుకే 1987 నాకు ముఖ్యమైన సంవత్సరం. అంతకుముందు ఏడాది జూరిచ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ ఒక రాగి ఆక్సైడులో 30 కెల్విన్లు దాటారు. 1987లో అమెరికాలో ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడు ముద్దలో 92 కెల్విన్లు వచ్చింది. 77 కంటే పైన! అంటే హీలియం అక్కర్లేదు, గోపాలమిత్ర డబ్బా చాలు. ఆ ముద్ద ఎలా చేస్తారో చదివినప్పుడు పగలబడి నవ్వాను. పొడులు కలిపి రోట్లో నూరి, బిళ్ళలు నొక్కి, 900 డిగ్రీలు దాటిన బట్టీలో కాల్చి, ఆక్సిజన్‌లో మెల్లగా ఆరనివ్వాలి. కుమ్మరి పనే. కష్టమూ అక్కడే ఉంది. కుండలాగే పెళుసు. కుండని తీగలాగా సాగదీయమంటే ఎలా? లోహపు రిబ్బను మీద పల్చటి పూతగా పొయ్యడం నేర్చుకోవడానికి దశాబ్దాలు పట్టింది, ఇప్పటికీ ఖరీదే. జర్మనీలో ఎస్సెన్ ఊరి నడిబొడ్డున 2014లో కిలోమీటరు పొడవున అలాంటి కేబుల్ వేసి, నైట్రోజన్ పారిస్తూ ఊరికి కరెంటిచ్చారు. అక్కడ చలి అడ్డుపడలేదు. రేపు ఎవరైనా నిజంగానే 40 డిగ్రీల్లో పనిచేసే సూపర్ కండక్టర్ చేసినా, అది తీగ సాగకపోతే, కాస్త కరెంటు ఎక్కువ పంపగానే గుణం పోగొట్టుకుంటే, అది అల్మరాలో బొమ్మే. వాట్సాప్‌లో గది గది అని అరిచేవాళ్ళు ఎవరూ తీగ మాట ఎత్తరు.

బొమ్మంటే గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక వర్క్‌షాపులో ఇచ్చిన ఆ నల్లబిళ్ళ ఒకటి నా బీరువాలో పదిహేనేళ్ళు పడుంది. నైట్రోజన్ దొరక్క క్లాసులో ఒక్కసారీ చూపించలేదు. ఇంటి ముందునుంచే రోజూ పోతున్నా సరే. మొన్న వేసవికి మేనల్లుడు వచ్చినప్పుడు మా గేదెకి గోపాలమిత్ర వచ్చాడు. స్ట్రా పైకి తీసి 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచాడు. పని అయ్యాక సంగతి చెప్పి అడిగాను.

"సార్, ఇది గేదెలకండీ" అన్నాడు.

"ఒక గ్లాసుడు చాలయ్యా."

నవ్వి థర్మకోల్ గిన్నెలో కొంచెం వంచాడు. బిళ్ళ మీద పడగానే పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలాడి, పొగమంచులా తెల్లగా అరుగు మీదకి పారింది. అమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. చిటపట ఆగాక, గుండీ అంత అయస్కాంతాన్ని చెక్క పట్టకారుతో తెచ్చి బిళ్ళ పైన వదిలాను. పడలేదు. అర అంగుళం ఎత్తున గాల్లో ఆగింది. వేలితో తాకితే బొంగరంలా తిరిగింది. గోడ మీద 41.

మేనల్లుడు ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నాడు. గిన్నెలో ద్రవం అయిపోయింది. నిమిషం గడిచిందో లేదో అయస్కాంతం ఒక పక్కకి వాలి, బిళ్ళ మీద టక్కున పడింది.

"మళ్ళీ పోయించు మామా" అన్నాడు వాడు.

గోపాలమిత్ర అప్పటికే డబ్బాకి తాడు బిగిస్తున్నాడు. పొన్నలూరు వైపు ఇంకో గేదె కాచుకుని ఉందట.